డీఎన్ఏను కోసే ఎంజైమ్‌తో బయోఫిల్మ్‌ను మొదట్లోనే ఆపడం: ప్రాజెక్టుకు సలహాలు కావాలి

పానగల్ విద్యార్థిని (నల్లగొండ)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. డీఎన్ఏను ముక్కలు చేసే డీఎన్ఏజ్ ఎంజైమ్‌తో బ్యాక్టీరియా బయోఫిల్మ్ (ఉపరితలానికి అంటుకుని కట్టే జిగురు పొర) కట్టకుండా ఆపవచ్చునా అన్నది నా ప్రాజెక్టు విషయం. 2002లో సైన్స్ పత్రికలో విట్‌చర్చ్, మాటిక్ తదితరులు ప్రచురించిన చిన్న వ్యాసం చదివిన తర్వాత ఈ ఆలోచన కలిగింది. సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా కట్టే బయోఫిల్మ్‌లో కణాల వెలుపల కనిపించే డీఎన్ఏను అంతవరకు చాలామంది చచ్చిన కణాల నుంచి మిగిలిన వ్యర్థంగానే భావించేవారు. ఆ డీఎన్ఏ లేకపోతే బయోఫిల్మ్ నిలబడదని వారు చూపించారు. కల్చర్‌లో డీఎన్ఏజ్ కలిపినప్పుడు కణాల పెరుగుదలకు ఆటంకం కలగలేదు గాని, అవి ఉపరితలానికి పట్టుకుని పొరగా మారలేకపోయాయి.

నా సందేహాలు ఇవి. ప్రాక్టికల్స్‌లో స్టాఫిలోకాకస్ ఆరియస్‌ను గుర్తించడానికి మేము డీఎన్ఏజ్ అగార్ పరీక్ష చేస్తాము. ప్లేటు మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కాలనీ చుట్టూ తేటగా వలయం కనిపిస్తుంది. అంటే ఆ బ్యాక్టీరియా డీఎన్ఏజ్‌ను స్వయంగా బయటికి వదులుతోంది. అటువంటప్పుడు అది తన బయోఫిల్మ్‌ను తానే ఎందుకు చెడగొట్టుకోవడం లేదు? రెండవది, మా ల్యాబ్‌లో 96 గుంటల ప్లేటు, క్రిస్టల్ వయొలెట్ రంగు, ఆ రంగు గాఢతను కొలిచే రీడర్ ఉన్నాయి. ఇంతకు మించిన పరికరాలు లేకుండా ఈ పనిని నమ్మదగినట్టుగా చేయగలనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాలమూరు అధ్యాపకుడు (మహబూబ్‌నగర్)

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే ప్రయోగాన్ని ఎలా అమర్చుకోవాలో కూడా తెలుస్తుంది, కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

స్టాఫిలోకాకస్ ఆరియస్ గుంపులో కొన్ని కణాలు తమ గోడను తామే కరిగించుకుని పగిలిపోతాయి. వాటి నుంచి బయటపడిన డీఎన్ఏ మిగిలిన కణాలను ఒకదానికొకటి, ఉపరితలానికి అంటించి ఉంచుతుంది. ఇదే బ్యాక్టీరియా తన న్యూక్లియేజ్‌తో (డీఎన్ఏను కోసే ఎంజైమ్‌తో) ఆ డీఎన్ఏను కొంతమేరకు కోస్తూ పొర మందాన్ని అదుపు చేస్తుంది. న్యూక్లియేజ్ జన్యువును తీసివేసిన రకాలు మరింత మందమైన బయోఫిల్మ్ కట్టాయని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఎంజైమ్ ఎంత మోతాదులో, పెరుగుదలలో ఏ దశలో అందుతుందన్న దాన్నిబట్టి ఫలితం మారుతుంది. సూడోమోనాస్‌లో డీఎన్ఏ బయటపడే తీరు ఇంకా ఆశ్చర్యకరమైనది. కడ్డీ ఆకారంలో ఉన్న కణం గుండ్రంగా ఉబ్బి క్షణాల్లో పేలిపోతుందని, ఆ పేలుడులో విడుదలైన డీఎన్ఏ బయోఫిల్మ్‌కు ఆధారమవుతుందని 2016లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన పరిశోధన చూపించింది.

సమయం గురించి నొక్కి చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే విద్యార్థులు దాదాపు అందరూ దీనినే తేలికగా తీసుకుంటారు. మీరు చదివిన 2002 వ్యాసాన్ని మరొకసారి చూడండి. 60 గంటల వయసు వరకు ఉన్న బయోఫిల్మ్‌లను డీఎన్ఏజ్ కరిగించగలిగింది గాని, 84 గంటల బయోఫిల్మ్ మీద దాని ప్రభావం చాలా స్వల్పంగానే ఉంది. నాటు వేసిన కొత్తలో వరి మొక్క చేతితో లాగితే ఊడివస్తుంది, వేరు పట్టి పిలకలు వేశాక రాదు. ఇక్కడ జరిగేది కూడా అదే. పొర ముదిరేకొద్దీ పాలిసాకరైడ్లు (చక్కెరల గొలుసులు), ప్రోటీన్లు వచ్చి చేరతాయి, డీఎన్ఏ ఒక్కదాన్ని కోసినంత మాత్రాన కట్టడం విడిపోదు. అందువల్ల ఎంజైమ్‌ను ఒకే సమయంలో కలిపి ఫలితం రాసుకోవడం సరిపోదు. బ్యాక్టీరియాతో పాటే సున్నా గంట వద్ద కలిపిన వరుస ఒకటి, 6 గంటలకు కలిపినది ఒకటి, 24, 48 గంటలకు కలిపినవి వేర్వేరుగా పెట్టండి. ఆపడానికి, కరిగించడానికి మధ్య ఉన్న తేడా అప్పుడే మీ ప్లేటులో కనిపిస్తుంది.

ఇక క్రిస్టల్ వయొలెట్. అది బతికిన కణానికీ, చచ్చిన కణానికీ, వాటి చుట్టూ ఉన్న జిగురుకూ ఒకేలా పట్టే రంగు. దాని రీడింగ్ తగ్గితే పొర పలచబడిందని మాత్రమే చెప్పగలం. ఆ కణాలు చచ్చాయా, ఊడిపోయి పైన ఉన్న ద్రవంలో బతికే ఉన్నాయా అన్నది ఆ రంగు చెప్పదు. దానికోసం గుంట అడుగున ఉన్న పొరను గీకి ఒకసారి, పై ద్రవాన్ని విడిగా ఒకసారి పలుచన చేసి అగార్ ప్లేట్ల మీద కాలనీలు లెక్కపెట్టాలి. దీనికి ఖరీదైన పరికరం ఏదీ అవసరం లేదు, ఓపిక ఉంటే చాలు. రంగు వేయడానికి ముందు 600 నానోమీటర్ల వద్ద పెరుగుదల రీడింగ్ కూడా తీసుకోండి. పెరుగుదలే తగ్గి ఉంటే బయోఫిల్మ్ తగ్గడానికి అర్థం వేరు.

గద్వాల బయోకెమిస్ట్రీ (జోగులాంబ గద్వాల)

అధ్యాపకులవారు బ్యాక్టీరియా వైపు నుంచి చెప్పారు, నేను ఎంజైమ్ వైపు నుంచి చెబుతాను. ఇటువంటి ప్రయోగాలు విఫలమైనప్పుడు ఎక్కువగా నింద బ్యాక్టీరియా మీద పడుతుంది గాని, చాలాసార్లు గుంటలో ఎంజైమ్ పనిచేసే పరిస్థితి ఉండనే ఉండదు.

ఆవు క్లోమం నుంచి తీసే డీఎన్ఏజ్ 1 పనిచేయాలంటే మెగ్నీషియం, కాల్షియం అయాన్లు రెండూ కావాలి. కాల్షియం ఎంజైమ్ ఆకృతిని నిలబెడుతుంది, ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌ల బారినుంచి కూడా దానిని కాపాడుతుంది. మీరు వాడే బఫర్‌లో ఈడీటీఏ గాని సిట్రేట్ గాని ఉంటే అవి ఈ అయాన్లను పట్టేసుకుంటాయి, ఎంజైమ్ నిలిచిపోతుంది. ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం కలిపితే తెల్లగా విరిగి అడుగుకు చేరే అవకాశం ఉంది కనుక ట్రిస్ బఫర్ మేలు. ఆమ్లత్వం కూడా గమనించాలి. స్టాఫిలోకాకస్ బయోఫిల్మ్ బాగా కట్టడానికి ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ అనే పెంపక ద్రవంలో (మీడియంలో) గ్లూకోజ్ కలుపుతారు, ఆ గ్లూకోజ్ పులిసి మీడియం ఆమ్లంగా మారుతుంది, తటస్థానికి దగ్గరగా బాగా పనిచేసే ఈ ఎంజైమ్ అక్కడ మందగిస్తుంది. రాత్రంతా పెంచిన తర్వాత మీడియం పీహెచ్ ఎంతకు దిగిందో కొలిచి రాసుకోండి.

ఎంజైమ్ పరిమాణాన్ని మైక్రోగ్రాములలో మాత్రమే రాయకండి. సీసా మీద కునిట్జ్ యూనిట్లు ఉంటాయి. 25 డిగ్రీల వద్ద, పీహెచ్ 5 వద్ద, 260 నానోమీటర్ల శోషణను ఒక మిల్లీలీటరులో నిమిషానికి 0.001 చొప్పున పెంచే ఎంజైమ్ మొత్తాన్ని ఒక యూనిట్ అంటారు. రెండు కంపెనీల పొడులు ఒకే బరువులో తీసుకున్నా యూనిట్లలో చాలా తేడా ఉండవచ్చు.

ఇప్పుడు చెప్పేది మీ పరీక్షాధికారులు తప్పకుండా అడగవలసిన ప్రశ్న. తక్కువ ధరకు దొరికే క్లోమపు డీఎన్ఏజ్‌లో ప్రోటీన్లను కోసే కైమోట్రిప్సిన్ వంటివి కొద్దిగా కలిసి ఉంటాయి. బయోఫిల్మ్‌లో ప్రోటీన్ కూడా ఉంటుంది కదా, మరి పొర విడిపోయింది డీఎన్ఏ తెగినందువల్లనా, ప్రోటీన్ తెగినందువల్లనా? వేడి చేసి చంపిన ఎంజైమ్‌ను కంట్రోల్‌గా పెట్టడం అందరికీ అలవాటే గాని, వేడికి రెండూ చస్తాయి కాబట్టి ఆ కంట్రోల్ ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వదు. పీఎంఎస్ఎఫ్ అనే రసాయనం కైమోట్రిప్సిన్, ట్రిప్సిన్‌లను ఆపుతుంది, డీఎన్ఏజ్‌ను ఆపదు. అందువల్ల పీఎంఎస్ఎఫ్‌తో ముందుగా కలిపి ఉంచిన ఎంజైమ్‌తో ఒక వరుస పెట్టండి, లేదా బాగా శుద్ధి చేసిన రకంతో ఒక్కసారైనా పోల్చి చూడండి. పీఎంఎస్ఎఫ్ విషపూరితమైనది, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. వేడితో చంపిన ఎంజైమ్ నిజంగా చచ్చిందా అన్నది కూడా, కొంచెం శుద్ధ డీఎన్ఏతో కలిపి అగరోస్ జెల్ మీద నడిపి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే కాల్షియం ఉన్నప్పుడు ఇది వేడికి ఎక్కువసేపు తట్టుకుంటుంది.

మిర్యాలగూడ వాటర్ ప్లాంటు (మిర్యాలగూడ)

నమస్కారం సార్. నేను చదువుకున్న శాస్త్రం తక్కువ, కానీ మీరు మాట్లాడుతున్న జిగురు పొరతో నాకు ప్రతి నెలా పని పడుతుంది. మా ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నందువల్ల ఊరూరా ఆర్వో ప్లాంట్లు ఉన్నాయి, నాకు కూడా ఒక చిన్న ప్లాంటు ఉంది. మెంబ్రేన్ మీద పాకుడు కట్టినప్పుడు ప్రెషర్ పెరిగిపోతుంది, మంచి నీళ్లు రావడం తగ్గుతుంది. మెంబ్రేన్ మార్చాలంటే ఖర్చు ఎక్కువ. మీరు చెబుతున్న ఎంజైమ్‌ను వారానికొకసారి నీళ్లలో వదిలితే పాకుడు పట్టకుండా ఉంటుందా?

గద్వాల బయోకెమిస్ట్రీ

అన్నా, మీ మెంబ్రేన్ మీద పట్టేది కూడా బయోఫిల్మే, అందులో డీఎన్ఏ ఉంటుంది, కాబట్టి మీ ప్రశ్న విషయానికి దూరమైనది కాదు. అయినా మీకు ఈ ఎంజైమ్‌ను నేను సిఫారసు చేయను. ప్లాంటులో రోజంతా పారే నీటి పరిమాణానికి సరిపడా ఎంజైమ్ కొనాలంటే మెంబ్రేన్ ధరను మించిపోతుంది, పైగా తాగే నీటిలో ఇటువంటి పదార్థాన్ని కలపడానికి మీకు అనుమతి ఉండదు. మెంబ్రేన్ మీద ఉన్నది వారాలు, నెలలు ముదిరిన పొర. అక్కడ డీఎన్ఏ ఒక్కటే ఆధారం కాదు.

మీకు ఉపయోగపడే మాట ఇంకొకటి ఉంది. ఆర్వో మెంబ్రేన్లలో వాడే పాలీఅమైడ్ పొర క్లోరిన్‌కు పాడవుతుంది, అందుకని ముందు కార్బన్ ఫిల్టర్‌తో క్లోరిన్‌ను తీసేస్తారు. క్లోరిన్ పోయిన ఆ కార్బన్ ఫిల్టరే బ్యాక్టీరియాకు నివాసమవుతుంది, మెంబ్రేన్ మీదికి అక్కడినుంచే చేరుతుంది. కార్బన్‌ను సమయానికి మార్చడం, బ్యాక్‌వాష్ మానకుండా చేయడం, ప్లాంటును రోజుల తరబడి నీళ్లు నిలవ ఉంచి ఆపకపోవడం ముఖ్యం. పాకుడు పట్టిన తర్వాత మెంబ్రేన్ కంపెనీ చెప్పిన క్షార ద్రావణంతోనే కడగండి, గట్టి నీటి వల్ల కట్టే సున్నపు పొరకు మాత్రం ఆమ్ల ద్రావణం అవసరం. అటువంటి క్షార క్లీనర్లలో తరచు ఈడీటీఏ ఉంటుంది, అందులో డీఎన్ఏజ్ కలిపినా పనిచేయదు.

దేవరకొండ ఛాతీ వైద్యుడు (దేవరకొండ)

చర్చ బాగా సాగుతోంది. ల్యాబ్ ప్లేటులో వచ్చిన ఫలితాన్ని రోగి దాకా తీసుకువెళ్లేటప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో నేను చెప్పదలచుకున్నాను, ఎందుకంటే డీఎన్ఏజ్ వైద్యంలోకి రావడం కొత్త విషయం కాదు.

జన్యు సాంకేతికతతో తయారుచేసిన మానవ డీఎన్ఏజ్‌కు, అంటే డోర్నేజ్ ఆల్ఫాకు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు వ్యాధి ఉన్న రోగుల కోసం అమెరికాలో 1993లో అనుమతి వచ్చింది. 2.5 మిల్లీగ్రాముల మందును నెబ్యులైజర్ ద్వారా సాధారణంగా రోజుకొకసారి పీల్చుతారు. ఆ రోగుల కఫం అంత చిక్కగా ఉండటానికి ఒక ప్రధాన కారణం, పగిలిపోయిన తెల్లరక్తకణాల నుంచి వచ్చిన డీఎన్ఏ. ఎంజైమ్ దానిని తెంచుతుంది, కఫం పలచబడుతుంది. అది విజయవంతమైన మందు.

అదే మందును సిస్టిక్ ఫైబ్రోసిస్ లేని బ్రాంకియెక్టసిస్ (శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పయిపోయే వ్యాధి) రోగులకు ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితాలు 1998లో వెలువడ్డాయి. వారికి మేలు జరగకపోగా, రోగం ఉద్ధృతమైన సందర్భాలు పెరిగాయి, ఊపిరితిత్తుల సామర్థ్యం మరింత తగ్గింది. నేను ఇక్కడ రోజూ చూసే బ్రాంకియెక్టసిస్‌లో ఎక్కువ భాగం పాత క్షయవ్యాధి మిగిల్చినదే. వారి కఫంలో కూడా డీఎన్ఏ ఉంది, సూడోమోనాస్ ఉంది, బయోఫిల్మ్ కూడా ఉంది. కాగితం మీద తర్కం చక్కగా కుదురుతుంది, అయినా రోగికి హాని జరిగింది. అందుకే వారికి ఈ మందు వాడవద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మరొక ఉదాహరణ ఊపిరితిత్తి చుట్టూ చీము చేరే వ్యాధి. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మిస్ట్ 2 పరీక్షలో 210 మంది రోగులు పాల్గొన్నారు. రక్తపు గడ్డను కరిగించే టీపీఏను, డీఎన్ఏజ్‌ను కలిపి ఛాతీ గొట్టం ద్వారా ఇచ్చినవారిలో చీము బాగా తగ్గింది, శస్త్రచికిత్సకు పంపవలసిన అవసరం కూడా తగ్గింది. విడివిడిగా ఇచ్చినప్పుడు రెండింటిలో ఏదీ పనిచేయలేదు. డీఎన్ఏజ్ ఒక్కదాన్నే పొందినవారిలో శస్త్రచికిత్స అవసరమైనవారు ఉత్తుత్తి మందు పొందినవారికంటే ఎక్కువగా ఉన్నారు. ఈ ఎంజైమ్‌కు తోడు కావాలన్నది నేను దీని నుంచి గ్రహించిన విషయం.

నాగర్‌కర్నూల్ పరిశోధకుడు (నాగర్‌కర్నూల్, ప్రస్తుతం హైదరాబాద్)

డాక్టరుగారి హెచ్చరికను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఆ రెండు ఉదాహరణల్లోనూ వ్యాధి ముదిరిన రోగి ఉన్నాడు, ఎంజైమ్ కోసింది ప్రధానంగా మన తెల్లరక్తకణాల డీఎన్ఏను. ఈ అమ్మాయి అడుగుతున్నది బ్యాక్టీరియా ఇంకా స్థిరపడని కొత్త ఉపరితలం గురించి. ఆ సందర్భంలో డీఎన్ఏజ్ బలహీనతలు చాలావరకు అడ్డురావు, ఎందుకంటే పొర ఇంకా ముదరలేదు, కోయవలసిన డీఎన్ఏ కొద్దిగానే ఉంటుంది.

ప్లాస్టిక్ ఉపరితలాల మీద డీఎన్ఏజ్‌ను రసాయనికంగా అంటించి చూసిన ప్రయోగాలు ఉన్నాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ రెండూ ఆ ఉపరితలానికి చాలా తక్కువగా అతుక్కున్నాయి. ఇబ్బంది ఏమిటంటే, అంటించిన ఎంజైమ్ శక్తి రోజులు గడవకుండానే సన్నగిల్లుతుంది. వారాల తరబడి శరీరంలో ఉండే గొట్టానికి అది చాలదు. ఈ రంగంలో పనిచేసేవారికి అసలు సమస్య ఎంజైమ్ పనిచేస్తుందా అన్నది కాదు, దానిని ఎంతకాలం బతికించగలం అన్నదే.

ఎంజైమ్‌ను ఎక్కడినుంచి తెస్తామన్నది కూడా ఆలోచించాలి. 2010లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, సముద్రపు నాచు మీద నుంచి సేకరించిన బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బ్యాక్టీరియా వదిలే న్యూక్‌బీ అనే డీఎన్ఏజ్ ఇతర బ్యాక్టీరియాల బయోఫిల్మ్‌లను విడదీస్తుందని ప్రచురించారు. బాసిల్లస్ జాతులు మన పొలాల మట్టిలో కూడా పుష్కలంగా ఉంటాయి. డీఎన్ఏ కలిపిన అగార్ మీద మట్టి నమూనాలను పరిచి వలయం ఇచ్చే కాలనీలను ఏరడం ఎమ్మెస్సీ స్థాయిలో చేయదగిన పనే. అయితే ఈ ప్రాజెక్టులోనే అది కూడా కలపాలని చెప్పను, రెండూ పూర్తికావు.

సూర్యాపేట స్టాఫ్ నర్సు (సూర్యాపేట)

నేను ఐసీయూలో పనిచేస్తున్నాను, మూత్రపు గొట్టాలు, సెంట్రల్ లైన్లు (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టాలు) చూసుకోవడం మా బాధ్యత. మూత్రపు గొట్టం వేసిన తర్వాత ప్రతి రోజూ 3 నుంచి 7 శాతం చొప్పున మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం పెరుగుతుందని మాకు శిక్షణలో చెబుతారు. అందుకే గొట్టం అవసరం తీరిన రోజే తీసేయమని డాక్టర్లకు గుర్తుచేస్తూ ఉంటాము. ఏ పూత వచ్చినా ఆ జాగ్రత్త స్థానాన్ని తీసుకోలేదని నా అభిప్రాయం.

నాకున్న భయం వేరు. ఎంజైమ్ బ్యాక్టీరియాను చంపదని, అతుక్కోకుండా చేస్తుందని, లేదా ఊడదీస్తుందని పైన చెప్పారు. సెంట్రల్ లైన్ లోపలి గోడకు పట్టిన పొరను అలా ఊడదీస్తే ఆ బ్యాక్టీరియా అంతా నేరుగా రక్తంలోకి పోతుంది కదా? చలిజ్వరంతో వణికే రోగిని చూసినవారికి ఇది చిన్న విషయం కాదు.

నాగర్‌కర్నూల్ పరిశోధకుడు

సిస్టర్, మీ భయం న్యాయమైనది, ఈ రంగంలో ఎవరూ దానిని కొట్టిపారేయరు. అప్పటికే పొర కట్టిన లైన్‌లో ఎంజైమ్‌ను ఒంటరిగా వాడటం ప్రమాదకరమే. అందుకే దానిని యాంటీబయాటిక్‌తో కలిపి పరీక్షిస్తారు. ఊడివచ్చిన కణం పొరలో ఉన్న కణం కంటే మందుకు సులభంగా లొంగుతుంది.

యాంటీబయాటిక్‌తో డీఎన్ఏకు సూటిగా సంబంధం కూడా ఉంది. జెంటామైసిన్, టోబ్రామైసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్లకు ధన విద్యుదావేశం ఉంటుంది, డీఎన్ఏకు రుణావేశం ఉంటుంది. పొరలోని డీఎన్ఏ ఆ మందును దారిలోనే పట్టి ఉంచుతుంది. అంతేకాక డీఎన్ఏ మెగ్నీషియంను కూడా పీల్చుకుంటుంది, మెగ్నీషియం కొరతను గుర్తించిన సూడోమోనాస్ తన బయటి పొరను మార్చుకుని కొన్ని మందులకు మరింత మొండిగా తయారవుతుందని 2008లో ప్రచురితమైన పరిశోధనలో చూపించారు. అంటే డీఎన్ఏను తొలగిస్తే మందుకు రెండు అడ్డంకులు తొలగుతాయి.

ఎదురుగా నిలిచే విషయాలు కూడా ఉన్నాయి. మన న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) బ్యాక్టీరియాను పట్టడానికి తమ డీఎన్ఏనే వలగా విసురుతాయని 2004లో బెర్లిన్ పరిశోధకులు కనుగొన్నారు. మనం ఇచ్చే డీఎన్ఏజ్ ఆ వలను కూడా కోస్తుంది; గొంతు నొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ ఆ వలనుంచి తప్పించుకోవడానికి సరిగ్గా ఇదే ఎంజైమ్‌ను వాడుకుంటుంది. ముదిరిన బయోఫిల్మ్‌లో డీఎన్ఏ ఎందుకు లొంగదన్న ప్రశ్నకు కూడా 2021లో సెల్ పత్రికలో ఒక జవాబు వచ్చింది. బ్యాక్టీరియా విడుదల చేసే ప్రత్యేక ప్రోటీన్లు డీఎన్ఏను అడ్డంగా కలిపి నిలబెడతాయి, కాలక్రమంలో కుడివైపు తిరిగే మామూలు మెలిక ఎడమవైపు తిరిగే జెడ్ రూపంలోకి మారుతుంది, ఆ రూపాన్ని డీఎన్ఏజ్ కోయలేదు. 60 గంటలకూ 84 గంటలకూ మధ్య కనిపించిన తేడాలో దీనికి కూడా భాగం ఉండవచ్చునని నా అంచనా.

కోదాడ ఫార్మసీ (కోదాడ)

ఒక చిన్న ప్రశ్న. వాపులకు మా దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే సెరాషియోపెప్టిడేజ్, ట్రిప్సిన్ కైమోట్రిప్సిన్ మాత్రలు కూడా ఎంజైమ్‌లే కదా. అవి బయోఫిల్మ్‌ను కరిగిస్తాయని కొందరు ప్రచారం చేస్తున్నారు. అవి కూడా ఈ కోవలోకే వస్తాయా?

దేవరకొండ ఛాతీ వైద్యుడు

రావు. అవి ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు, డీఎన్ఏను తాకవు. సెరాషియోపెప్టిడేజ్‌ను జపాన్‌లో అమ్ముతున్న కంపెనీయే, మళ్లీ జరిపిన పరీక్షలలో ఉత్తుత్తి మందు కంటే మెరుగైన ఫలితం కనిపించనందున 2011లో దానిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. మాత్రగా మింగిన ఎంజైమ్ గాయంలోని బయోఫిల్మ్ దాకా పనిచేసే స్థితిలో చేరుతుందని రోగులకు చెప్పడం సరికాదు. దయచేసి ఆ మాటతో అమ్మకండి.

పరిశోధకుడుగారు నాతో విభేదించిన విషయంలో, ముందుగా ఆపడానికి, ముదిరిన తర్వాత చికిత్స చేయడానికి ఉన్న తేడాను అంగీకరిస్తున్నాను. న్యూట్రోఫిల్ వల గురించి వారు చెప్పినది మాత్రం నా ఆందోళనను తగ్గించలేదు, పెంచింది. గొట్టం లోపలి గోడకు పరిమితమయ్యే పూతకు, ఊపిరితిత్తి నిండా పీల్చే మందుకు ఒకే కొలమానం వాడరాదని మాత్రం ఒప్పుకుంటాను.

పానగల్ విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటల ఆధారంగా పనిని ఇలా మార్చుకుంటున్నాను. మొదట అనుకున్నట్టు ఆస్పత్రి నుంచి ఐసొలేట్లు (రోగుల నమూనాల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) తీసుకోకుండా ప్రామాణిక రకాలతోనే మొదలుపెడతాను. డీఎన్ఏజ్‌ను సున్నా, 6, 24, 48 గంటల వద్ద కలిపి నాలుగు వరుసలు పెడతాను, ప్రతి వరుసలో వేడితో చంపిన ఎంజైమ్, బఫర్ మాత్రమే, పీఎంఎస్ఎఫ్‌తో కలిపిన ఎంజైమ్ కంట్రోళ్లుగా ఉంటాయి. పీఎంఎస్ఎఫ్ బ్యాక్టీరియా పెరుగుదలను తగ్గిస్తుందేమో తెలుసుకోవడానికి దానిని ఒంటరిగా కూడా ఒక వరుసలో పెడతాను. క్రిస్టల్ వయొలెట్‌తో పాటు పొరలోని కాలనీలను, పై ద్రవంలోని కాలనీలను వేరుగా లెక్కపెడతాను. సిస్టర్ అడిగిన ప్రశ్న నన్ను బాగా ఆలోచింపజేసింది. అందుకని 24 గంటల వరుసలో జెంటామైసిన్ ఒక్కటే, డీఎన్ఏజ్ ఒక్కటే, రెండూ కలిపి అనే మూడు గుంపులు చేర్చి, ఊడివచ్చిన కణాలు పై ద్రవంలో చస్తున్నాయా లేదా అన్నది ప్రత్యేకంగా చూస్తాను. ఒక సందేహం మిగిలింది. స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌ను కూడా చేర్చవచ్చునా?

పాలమూరు అధ్యాపకుడు

చేర్చండి, కానీ ఎందుకు చేరుస్తున్నారో రాయండి. దాని బయోఫిల్మ్‌లో ఎక్కువ బలం పీఎన్ఏజీ అనే పాలిసాకరైడ్‌ది, దానిని కోసేది డిస్పర్సిన్ బీ అనే వేరే ఎంజైమ్. డీఎన్ఏజ్ ఫలితం అక్కడ బలహీనంగా రావచ్చు, ఆ బలహీనత కూడా మీకు విలువైన ఫలితమే, ఎందుకంటే ఒకే ఎంజైమ్ అన్ని బయోఫిల్మ్‌లకూ సరిపోదని మీ ప్లేటే చూపిస్తుంది. బాగా బయోఫిల్మ్ కట్టే ఏటీసీసీ (అమెరికాలోని కల్చర్ల సేకరణ సంస్థ) 35984, కట్టని ఏటీసీసీ 12228 రెండింటినీ పక్కపక్కన పెడితే పోలిక స్పష్టంగా ఉంటుంది. సూడోమోనాస్‌కు ఏటీసీసీ 27853, ఆరియస్‌కు ఏటీసీసీ 25923 తీసుకోవచ్చు. చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల కల్చర్ల సేకరణ కేంద్రం ఎంటీసీసీని మీ విభాగం తరఫున ముందుగానే సంప్రదించండి, కల్చర్లు చేతికి రావడానికి సమయం పడుతుంది. ఆస్పత్రి ఐసొలేట్ల ఆలోచన మళ్లీ వస్తే నైతిక సంఘం అనుమతి, రెండో స్థాయి జీవభద్రత ఉన్న గది లేకుండా మొదలుపెట్టవద్దు.

గద్వాల బయోకెమిస్ట్రీ

ప్లేటు అంచున ఉన్న గుంటలు ఇంక్యుబేటర్‌లో త్వరగా ఆరిపోతాయి, వాటిలో నీళ్లు మాత్రమే పోసి మధ్య గుంటలనే వాడండి. ఎంజైమ్ ద్రావణం తయారుచేసిన రోజే చిన్న చిన్న భాగాలుగా గొట్టాల్లో పంచి మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచండి, ఒకసారి కరిగించిన భాగాన్ని మళ్లీ గడ్డకట్టించకండి. కలిపేటప్పుడు వోర్టెక్స్ (గొట్టాన్ని వేగంగా కుదిపే యంత్రం) మీద పెట్టవద్దు, ఈ ఎంజైమ్ ఆ కుదుపుకే ఆకృతి కోల్పోతుంది. గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేస్తూ కలిపితే సరిపోతుంది. మీ ల్యాబ్‌లో అలవాటు కొద్దీ ఎవరైనా వోర్టెక్స్ చేస్తారు కనుక గొట్టం మీదనే ఆ మాట రాసి అంటించండి.